గుడి లేని బావి

ఆయన్ని ఎదురుగా అందరూ దిద్దుబాటుగారు అనేవాళ్ళు. వెనకాల ‘గారు’ తీసేసేవాళ్ళు.

పనిచేసినంతకాలం ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. పుస్తకం అచ్చుకెళ్ళే ముందు నమూనా కాగితాలు ఆయన బల్ల మీదికి వచ్చేవి. తప్పున్న చోటల్లా ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టి, పక్కన అంచులో ఏం చెయ్యాలో రాయడం ఆయన పని. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆయనది ఉద్యోగంతో వచ్చిన బుద్ధి, ఉద్యోగంతోనే పోవాల్సింది. పోలేదు. ఇంట్లో కూర్చున్నాక ఇంకాస్త ముదిరింది. జేబులో ఎర్ర పెన్సిలు లేకపోతే ఆయనకు చొక్కా వేసుకున్నట్టుండేది కాదు.

పొద్దున్నే పాల ప్యాకెట్టు మీద ‘స్వచ్చమైన’ అని ఉంటే పాలవాణ్ణి గుమ్మంలో నిలబెట్టేవాడు.

“చ కింద ఛ ఒత్తు ఏదయ్యా?”

“నేను పాలు పోసేవాణ్ణండీ. పేరు రాసేవాణ్ణి కాదు.”

“పాలల్లో నీళ్ళున్నా ఊరుకుంటాను గాని, స్వచ్ఛంలో ఒత్తు లేకపోతే ఊరుకోను.”

మంగలి షాపు అద్దం మీద ‘తలలు చక్కగా కత్తిరించబడును’ అని రాసి ఉండేది. ‘జుట్టు’ అనే మాట చేర్చేదాకా ఆ కుర్చీలో కూర్చోనని ఆయన పంతం పట్టాడు. మంగలి కూడా పట్టుదల మనిషే. చివరికి జుట్టు భుజాల మీదికి దిగాక ఆయన భార్యే వెళ్ళి మంగలికి సర్దిచెప్పింది. ‘తలల జుట్టు చక్కగా’ అని మార్చారు. జుట్టుకి బహువచనం లేదు గదా, తలలకెందుకని ఆయన మళ్ళీ నోరు తెరవబోతే, ఆవిడ వేలు చూపించి కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆవిడకీ ఆ పెన్సిలుతో పాత పరిచయమే. పెళ్ళైన కొత్తలో పుట్టింటి నుంచి ఆయనకు మొదటి ఉత్తరం రాసింది. సిగ్గుపడుతూ, రాసి చింపి, చింపి రాసి పంపింది. నాలుగు రోజులకు అదే ఉత్తరం తిరుగు టపాలో వచ్చింది. నిండా ఎర్ర గీతలు. అడుగున ఒక మాట: ‘భావం బాగుంది. ల, ళ తేడా గమనించాలి.’ ఆ తర్వాత ఆవిడ ఆయనకు ఉత్తరం రాయలేదు. చెప్పాల్సిందేదైనా నోటితోనే చెప్పింది, అదీ కాస్త గట్టిగా.

ఇన్ని చెప్పాక ఆయనకున్న జబ్బు గురించి కూడా చెప్పాలి. తప్పు కనబడి, దాన్ని దిద్దకుండా మింగాల్సి వస్తే ఆయనకు ఎక్కిళ్ళు పట్టుకునేవి. మామగారు బతికున్న రోజుల్లో పేపరు పైకి చదువుతూ ‘ప్రతిష్ఠ’ను ‘ప్రతిష్ట’ అనేవారు. పెద్దాయన్ని ఏమనగలడు? అల్లుడు వచ్చిన రోజున ఆ ఇంట్లో బిందెడు నీళ్ళు అదనంగా తోడిపెట్టేవాళ్ళు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. బావమరిది షాపు దగ్గరే చెడింది.

ఆవిడకు ఒక్కడే తమ్ముడు. బట్టలు కుట్టడం నేర్చుకుని, ఎవరి దగ్గరో ఏళ్ళ తరబడి కాజాలు కుట్టి, ఆఖరికి సొంతంగా షాపు పెట్టుకున్నాడు. మిషను కొత్తది, అద్దం కొత్తది, గుమ్మం పైన బోర్డు కొత్తది. చుట్టాలూ, ఇరుగుపొరుగు షాపులవాళ్ళూ వచ్చారు. బోర్డు మీద కప్పిన గుడ్డ లాగారు. చప్పట్లు కొడదామని అందరూ చేతులెత్తారు. అంతలో దిద్దుబాటుగారు, ప్రెస్సులో చదివే అలవాటు కొద్దీ, ప్రతి అక్షరం వేరుచేసి బిగ్గరగా చదివాడు.

“కుట్రకు పెట్టింది పేరు.”

బోర్డు రాసిన పెయింటరు ‘కుట్టు’లో ట ఒత్తుకు బదులు ర ఒత్తు గీశాడు. పైగా కొమ్ము మింగేశాడు. ఎవరూ గమనించి ఉండేవాళ్ళు కాదు. అక్షరాలు పచ్చగా, పెద్దగా, చూడముచ్చటగా ఉన్నాయి.

“నిచ్చెన తీసుకురండి!” అన్నాడు దిద్దుబాటుగారు. “ఒత్తు మారింది, కొమ్ము ఎగిరింది. ఎవరక్కడ? నిచ్చెన!”

నిచ్చెన వచ్చింది. ఆయనే ఎక్కాడు. ఎక్కి, ఎర్ర పెన్సిలుతో బోర్డు మీద సున్న చుట్టాడు. కింద జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ సాయంత్రానికే బావమరిదికి కుట్ర టైలరని పేరు పడింది. బోర్డు మార్చినా పేరు మారలేదు. పిల్లలు లాగులు కుట్టించుకోవడానికి వచ్చి, “కుట్ర ఎప్పటికవుతుందండీ?” అని అడిగేవాళ్ళు.

ఆ రోజు నుంచి తమ్ముడు అక్క గడప తొక్కలేదు.

“తప్పు తప్పే కదా,” అన్నాడు ఆయన, ఇంటికొచ్చాక.

“మీకు అక్షరాలు కనిపిస్తాయి, మొహాలు కనిపించవు,” అంది ఆవిడ. ఆ ఒక్క మాటే. అక్కడి నుంచి ఆవిడ జాకెట్లు వేరే ఎవరో కుట్టారు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఆ చేతులు చూసినప్పుడల్లా దిద్దుబాటుగారికి ఏదో ఒకటి దిద్దాలనిపించేది గాని, ఏం దిద్దాలో తెలిసేది కాదు.

ఏళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఆవిడ తలుపు తీసింది. ఎదురుగా తమ్ముడు. మెడలో టేపు, చంకలో అస్తరు గుడ్డలో చుట్టిన పొట్లం. ముందు వైపు జుట్టు పలచబడింది.

“బావగారున్నారా?” అన్నాడు.

“బావగారేంట్రా? నీకు బావ ఎప్పుడు బావగారయ్యాడు?” అందామె. గబగబా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది.

టైలరు కుర్చీ అంచున కూర్చుని పొట్లం విప్పాడు. అందులో పాత పుస్తకం. అట్ట లేదు. పేజీలు పండిపోయిన ఆకుల్లా ఉన్నాయి. ఆఖరి పేజీకి ఒక గుండుసూది గుచ్చి ఉంది.

“నమూనాలు కత్తిరించుకోవడానికి పాత కాగితాలు కట్టలు కట్టలుగా తెచ్చుకుంటాను. అందులో వచ్చింది. కాలరు గీసి కత్తెర పెట్టబోయాను. చూస్తే పళ్ళ డాక్టరు నవల!”

దిద్దుబాటుగారికి ఆ పుస్తకం తెలుసు. ‘ఏడో అలమార’ దాని పేరు. గ్రంథాలయంలో ఎక్కడో ఒక అరుదైన పుస్తకం, దాని పేజీల్లో దాచిన గుర్తులు, ఆ గుర్తులు పట్టుకుని నిధి కోసం వెతికే కుర్రవాడు, వాడి వెంట వాడి బావ – అదీ కథ. ఊళ్ళో పళ్ళు పీకే డాక్టరు సరదాపడి రాసి, తన ఖర్చుతో వేయించుకున్నాడు. కొద్ది ప్రతులే వేశారు. వాటిలో చాలామటుకు చెదలు చదివేశాయి. నవల బయటికొచ్చిన కొత్తలో డాక్టరు ప్రెస్సుకొచ్చి ఆశ్చర్యపోతూ చెప్పిన మాట కూడా దిద్దుబాటుగారికి గుర్తుంది: “ముగింపులో మలుపు అదిరిందంటున్నారయ్యా. నేనేం మలుపు పెట్టలేదే!”

డాక్టరు పోయాక ఊళ్ళో ఒక పుకారు పుట్టింది. జనం నోళ్ళలోంచి పీకిన బంగారు పళ్ళన్నీ ఆయన ఎక్కడో దాచాడని, ఎక్కడ దాచాడో ఆ నవల్లోనే గుర్తులు పెట్టాడని. పుస్తకం ఎవరికీ దొరకదు కాబట్టి పుకారుకి అడ్డే లేకపోయింది.

“ఇటు చూడండి,” అన్నాడు టైలరు గొంతు తగ్గించి. “ఇంచుమించు ప్రతి పేజీ అంచులోనూ ఎర్రటి రాత. ఎవరో అడుగడుక్కీ దారి చెప్పి పోయారు. వినండి. ‘గుడి లేదు.’ తర్వాతి పేజీలో ‘కొమ్ము విరిగింది.’ ఇక్కడ ‘సున్న నిండిపోయింది.’ ఇదిగో, ‘లోపలికి జరుపు.’ ఒళ్ళు జలదరించడం లేదూ?”

దిద్దుబాటుగారు వంగి చూశాడు.

ఆ తోక పొడుగు ‘ల’ ఆయనదే. ఆ వంకర దీర్ఘమూ ఆయనదే. డాక్టరు పిసినారి. డబ్బిచ్చి వేయించుకున్న కాగితం పారెయ్యడమెందుకని ప్రూఫులు కూడా అడిగి పట్టుకెళ్ళి కుట్టించుకున్నాడు. ఇది ఆ ప్రతి. గుడి లేదంటే అక్షరం మీద గుడి లేదని. కొమ్ము విరిగిందంటే కొమ్ము ఉన్న సీసపు అచ్చు అరిగి విరిగిందని. సున్న నిండిపోయిందంటే సిరా ఎక్కువై సున్న నల్ల చుక్కయిందని. బావమరిది బావ చేతిరాత ఎన్నడూ చూడలేదు. బావ నోటినే చూశాడు.

“ఒరే, ఇది…” అంటూ నోరు తెరిచాడు.

కాలి బొటనవేలి మీద ధన్‌మని మడమ పడింది. ఆవిడ ఎప్పుడొచ్చిందో పక్కనే నిలబడి ఉంది. ఆవిడ కూడా ఆ పేజీ చూసింది. ఆ ‘ల’లతో ఆవిడ ఉత్తరం ఒకప్పుడు నిండా తడిసింది.

“ఎక్,” అన్నాడు దిద్దుబాటుగారు.

“ఎవరో తలుచుకుంటున్నారు బావగారూ.”

“ఎవరో కాదు, నేనే,” అంది ఆవిడ నీళ్ళ గ్లాసు ఆయన చేతిలో పెడుతూ.

“డాక్టరుగారు మీకు తెలిసిన మనిషి. పుస్తకం మీ ప్రెస్సుది. ఇద్దరం కలిసి వెతుకుదామని వచ్చాను.”

“ఆ గుండుసూది ఏంటి?”

“అది ఇప్పుడు కాదు,” అన్నాడు టైలరు, ఆఖరి పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టి.

వంటింట్లో ఆవిడ ఆయన్ని నిలదీసింది.

“నోరు విప్పారో, ఈ జన్మకి వాడు మళ్ళీ రాడు.”

“అది నా రాత! వాడు ‘క’ కింద నేను పెట్టిన గుర్తు పట్టుకుని గునపం తీస్తాడు.”

“తియ్యనివ్వండి.”

“అక్కడేమీ లేదే!”

“నాకు కావలసింది అక్కడ లేదండీ. ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుంది. ఒక్క తప్పు. నా కోసం ఒకే ఒక్క తప్పు వదిలెయ్యలేరా?”

“ఎక్,” అన్నాడాయన.

మర్నాటి నుంచి వేట మొదలైంది. టైలరు పొద్దు వాలుతుండగా షాపు కట్టి వచ్చేవాడు. అక్క పెట్టిన టీ తాగి, బావను వెంటబెట్టుకుని బయల్దేరేవాడు.

“మొదటి గుర్తు గుడి లేదు. అంటే గుడి లేని చోటు వెతకాలి.”

“ఉన్నచోటైతే ఒకటో రెండో. లేనిచోటంటే ఊరంతా అదేనయ్యా,” అన్నాడు దిద్దుబాటుగారు. అంతవరకు అనడం దిద్దడం కిందికి రాదని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

“అందుకే రెండో గుర్తు. కొమ్ము విరిగింది.”

ఊళ్ళో పార్కు ఉంది. పార్కు మధ్యలో రాతి దిమ్మె మీద రాతి జింక. పిల్లలు ఎక్కి ఊగి ఊగి దాని కొమ్ము ఒకటి విరగ్గొట్టారు. జింక పక్కన గుండ్రటి నీళ్ళ తొట్టి. ఏనాడో నీళ్ళు ఆగిపోయి, మట్టితో పూడిపోయింది.

“సున్న నిండిపోయింది!” టైలరు తొట్టి చూసి కేక పెట్టాడు. దిద్దుబాటుగారికి కూడా ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. తను రాసిందే, తనకు తెలియని అర్థంలో అచ్చంగా కుదిరింది.

అంతలో గాలి వీచి పార్కు కాపలావాడి తలగుడ్డ ఎగిరి పొదలో పడింది. టైలరు గబగబా పేజీలు తిప్పాడు. “‘తలకట్టు ఎగిరింది.’ రాసుంది బావా, ఇదిగో! ఇక్కడే రాసుంది!”

ఆ కంగారులో ‘గారు’ రాలిపోయింది. ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

ఆ తర్వాత సాయంత్రాలు అలాగే గడిచాయి. టైలరు మెడలోని టేపు తీసి జింక చుట్టుకొలత తీసేవాడు. నడుము, ఛాతీ, మెడ. అలవాటు కొద్దీ మెడ దగ్గర అరంగుళం వదులు కలిపేవాడు. దిద్దుబాటుగారు టేపు రెండో కొస పట్టుకునేవాడు. జింక పక్కనే పార్కు బోర్డు ఉంది. కుట్టుని కుట్ర చేసిన పెయింటరే దాన్నీ రాశాడు. ‘మొక్కలు పీకరాదు’ అనాల్సింది ‘ముక్కులు పీకరాదు’ అని ఉంది. ఆ బోర్డుకి వీపు పెట్టి నిలబడడం దిద్దుబాటుగారు సాధన చేశాడు. అయినా ఎక్కిళ్ళు వచ్చేవి. వస్తే టైలరు పరుగున వెళ్ళి కుళాయి నీళ్ళు దోసిట్లో పట్టుకొచ్చేవాడు. వచ్చేసరికి దోసిలి సగం ఖాళీ అయ్యేది.

“ఈ ఎక్కిళ్ళు మంచివి కావు బావా. డాక్టరుకు చూపించుకో.”

“డాక్టరు వల్లేనయ్యా వచ్చాయి.”

ఇంట్లో ఆవిడకు పని ఎక్కువైంది, విసుగు తగ్గింది. పాత జాకెట్లన్నీ తమ్ముడి ముందు కుప్పపోసింది. వాడు చేతులు చూసి, “ఎవడక్కా ఈ కుట్ర చేసింది?” అన్నాడు. ఆ మాటను వాడే అనడం, అని వాడే నవ్వడం చూసి ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. దిద్దుబాటుగారు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేజీలో రెండు తప్పులున్నాయి. ఆయన వాటిని చూడలేదు.

నిజం చెప్పాలంటే, ఆయనకు కూడా వేట రుచి మరిగింది. పొద్దుటే లేచి, ‘ఖాళీ ఎక్కువ, మూసెయ్’ అంటే ఏమై ఉంటుందని ఆలోచించాడు. రెండు మాటల మధ్య ఖాళీ గురించి తనే రాశానని గుర్తొచ్చాక సిగ్గుపడ్డాడు.

ఒక ఆదివారం సాయంత్రం టైలరు సంచీలో సుత్తి పెట్టుకొచ్చాడు.

“ఇక దాగుడుమూతలు చాలు బావా. ఆఖరి గుర్తు తేలిపోయింది. ‘ఎత్తు ఎక్కువ. కొట్టు.’ జింక కింద దిమ్మె చూడు, ఎంత ఎత్తుందో. లోపల బోలుగా ఉంటుంది.”

“కొట్టడమెందుకు, చుట్టూ ఇంకోసారి కొలుద్దాం.”

“కొలతలు చాలు. గుడ్డ ఎప్పుడో ఒకప్పుడు కత్తిరించాలి కదా.”

పార్కు నిండా జనం. టైలరు సుత్తి ఎత్తాడు. దెబ్బ పడకముందే కాపలావాడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“ఇన్నాళ్ళూ జింకకి చొక్కా కుడతారేమో అనుకున్నా! ఏంటిది?”

నడిచేవాళ్ళు ఆగారు. ఐస్ అమ్మేవాడు బండి ఇటు తిప్పాడు. టైలరు బెదరలేదు. పుస్తకం తీసి అందరికీ చూపించాడు. “ఇందులో రాసుంది. ఎత్తు ఎక్కువ, కొట్టు. పళ్ళ డాక్టరు రాసిపెట్టిన గుర్తు.”

“రాసుంటే కొట్టేస్తావా? పద, స్టేషన్‌లో చెప్దువుగాని.”

దిద్దుబాటుగారికి గొంతులో ఎక్కిలి అడ్డం పడింది. భార్య మాట గుర్తొచ్చింది. కాపలావాడి చేతిలో చిక్కిన బావమరిది చెయ్యి కనబడింది. ఇక ఆగలేకపోయాడు.

“వదలవయ్యా వాణ్ణి! అది దిమ్మె గురించి కాదు. ‘క’ గురించి!”

“ఏ క?”

“ఆ పేజీలో ‘క’ అచ్చు మిగతా వాటికంటే ఎత్తుగా నిలబడింది. దాన్ని కొట్టి దించమని రాశాను. నేనే రాశాను. ఇవి నా ప్రూఫులు!”

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇన్నాళ్ళు మింగినవన్నీ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చాయి. గుడి అంటే ఏమిటో చెప్పాడు. కొమ్ము అంటే ఏమిటో చెప్పాడు. తలకట్టు చెప్పాడు, సున్న చెప్పాడు. ఆ ఊపులో వెనక్కి తిరిగి, “ముక్కులు కాదు, మొక్కలు!” అని బోర్డు మీద కూడా అరిచాడు. చెబుతున్నకొద్దీ గుండె తేలికై, గొంతు ఖంగుమని మోగింది. జనం నవ్వు మొదలుపెట్టారు. కాపలావాడు చెయ్యి వదిలేసి మరీ నవ్వాడు. “తలకట్టు నాదనుకున్నాడు పాపం!”

అప్పుడు, ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, దిద్దుబాటుగారికి బావమరిది మొహం కనబడింది. షాపు తెరిచిన రోజున నిచ్చెన మీదున్న ఆయనకు కనబడని మొహం అదే అయి ఉండాలి.

టైలరు టేపు వేలికి చుట్టుకున్నాడు, మెల్లిగా.

“మొదటిరోజే తెలుసా?”

“తెలుసు. ఎక్.”

“మళ్ళీ నలుగురిలోనే దొరికానా నీకు?” అని సంచీ భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు.

“ఒరే, ఆగు! స్టేషన్‌కి తీసుకెళ్తానంటే…” అంటూ దిద్దుబాటుగారు వెంటపడ్డాడు. ఆయనకు తెలిసిన మాటలన్నీ దిద్దేవే.

టైలరు గేటు దగ్గర ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చాడు. పుస్తకం ఆఖరి పేజీకున్న గుండుసూది తీసి, అలవాటుగా పెదాల మధ్య పెట్టుకుని, పేజీ తెరిచి బావ మొహం ముందు పెట్టాడు.

“ఎర్ర రాతలన్నీ నీవి. సరే. మరి ఇది? ఇది ఎర్రది కాదు. ఇది అచ్చులోనే ఉంది. ఇది చదివే మీ గడప తొక్కాను. చదువు. పైకి చదువు, నీకలవాటే కదా.”

దిద్దుబాటుగారు చదివాడు. “‘ఇన్నాళ్ళూ ఊరంతా గాలించావు. నిధి బావ దగ్గరే ఉంది. వెళ్ళి… అడుగు.’”

“నిధి బావ దగ్గరే ఉంది,” అన్నాడు టైలరు. “బావ దగ్గరున్నది బావకే తెలియదేమో, ఇద్దరం వెతికితే దొరుకుతుందేమో అనుకున్నాను. ఇది కూడా ‘క’ గురించేనా?”

దిద్దుబాటుగారు పై వరుసకు వెళ్ళాడు. అక్కడ పెరడు ఉంది, గిలక ఉంది, తాడు ఉంది, తాడుకు బకెట్టు ఉంది. కింది వరుసకు వచ్చాడు. వాక్యం ‘అడుగు’ దగ్గర ఆగలేదు, ఇక్కడ ‘చూడు’ అని ఉంది. వెళ్ళి అడుగు చూడు. అడుగంటే ప్రశ్న కాదు, అట్టడుగు. అంచు వెతికాడు. ఎర్ర గుర్తు లేదు. పేజీ తిప్పి, మళ్ళీ తిప్పి చూశాడు. లేదు.

“బావి,” అన్నాడు.

“ఏంటి?”

“బావ కాదు. బావి. నిధి బావి దగ్గరే ఉంది. వ మీద… గుడి లేదు. నేను చూడలేదు.”

ముగింపులో ఎవరూ ఊహించని మలుపు ఎక్కడినుంచి వచ్చిందో ఇన్నేళ్ళకు తెలిసింది. నవలంతా మంచివాడిగా తిరిగిన ఆ బావ, చివరి పేజీలో ఒక్క గుడి పోయి, నిధి మింగినవాడయ్యాడు.

టైలరు పేజీ వైపు చూశాడు. బావ వైపు చూశాడు. పెదాల మధ్య సూది వణికింది. అది తీసి కాలరుకి గుచ్చుకుని, పార్కంతా వినబడేలా కేక పెట్టాడు.

“నిచ్చెన! ఎవరక్కడ? నిచ్చెన తీసుకురండి! మా బావ తప్పు చేశాడు!”

జనానికి పూర్తిగా అర్థం కాలేదు గాని, నవ్వాల్సింది ఈసారి ఎవర్ని చూసో తెలిసింది. ఐస్ బండివాడు నిజంగానే చెట్టుకు ఆనించిన నిచ్చెన వైపు చూశాడు. టైలరు జేబులోంచి గుర్తులు పెట్టే సుద్దముక్క తీసి, ‘బావ’ చుట్టూ నీలం రంగు సున్న చుట్టాడు. గుడ్డ మీద చంక కొలత గీసినంత ఒడుపుగా. దిద్దుబాటుగారు తలవంచుకుని నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆయన తప్పు నలుగురిలో బయటపడింది. చచ్చిపోతాననుకున్నాడు. పోలేదు. పైగా ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

“భావం బాగుంది,” అన్నాడు టైలరు, అక్క చెప్పగా విన్న ఉత్తరం గుర్తొచ్చి. “వ, వి తేడా గమనించాలి.”

ఇంటికి వచ్చేసరికి ఆవిడ కంచాలు పెట్టి కూర్చుంది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“చెప్పేశారా?” అంది భర్తతో.

“చెప్పేశాడు. నేనూ చెప్పాను,” అన్నాడు తమ్ముడు పీట లాక్కుంటూ. “అన్నం పెట్టక్కా. బావ మీద గెలిచి వచ్చాను.”

జరిగిందంతా వాడే చెప్పాడు. నిచ్చెన మాట దగ్గర లేచి నిలబడి, కేక ఎలా వేశాడో చేసి మరీ చూపించాడు. ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నీలం సున్న మధ్యనున్న మాటను వేలు పెట్టి చదివింది.

“‘నిధి బావ దగ్గరే ఉంది. వెళ్ళి అడుగు.’ బాగానే ఉంది కదా. ఇందులో తప్పేముంది?”

“గుడి లేదే,” అన్నాడు దిద్దుబాటుగారు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఎర్ర పెన్సిలు తీశాడు. పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. ‘వ’ మీద మొన ఆనించాడు. చిన్న వంపు. చీమ తలకాయంత. పుస్తకం ఇన్నేళ్ళుగా దానికోసమే ఎదురు చూస్తున్నట్టుంది.

అక్కా తమ్ముడూ ఇద్దరూ ఆ పెన్సిలునే చూస్తున్నారు.

“ఎక్,” అన్నాడాయన. పెన్సిలు జేబులో పెట్టుకుని, పుస్తకం మూసి బావమరిదికి ఇచ్చేశాడు.

టైలరు రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

“బావా, అంటే అసలు గుర్తు బావి అన్నమాట! పళ్ళ డాక్టరింటి పెరట్లో పూడ్చేసిన బావి ఒకటుంది. తెలుసా నీకు?”

అది నవల. నవల్లో బావి. డాక్టరు బంగారం దాచడం మాట అటుంచి, ప్రూఫు కాగితాలే వదలనివాడు బంగారాన్ని బావిలో వేస్తాడా? బావి పూడ్చింది కూడా ఆ తర్వాతెప్పుడో వచ్చిన వేరేవాళ్ళు. ఆ ఒక్క వాక్యంలో దిద్దుబాటుగారికి నాలుగు తప్పులు కనిపించాయి.

ఆవిడ నీళ్ళ చెంబు ఆయన కంచం పక్కకి జరిపింది.

“రేపు కాస్త పెందలాడే రా,” అన్నాడు దిద్దుబాటుగారు. “సుత్తి వద్దు, పార తీసుకురా. ఎక్.”